పుచ్చుకున్న తేదీ

అమ్మ పోయాక రెండో ఆకురాలు కాలంలో
పన్నుల ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు.
గుమ్మంలో బూట్లు విప్పి, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టారు.
అమ్మ పటం ముందు అగరొత్తి వెలిగించి
అప్పుడు సంచిలోంచి కాగితాలు తీశారు.

పెద్దాయన పేరు నొనోగాకి.
ఆయన కాలరు చూస్తే అమ్మ ఊరుకునేది కాదు,
గంజి లేదు, మడత పక్కకి పోయింది.
యొకొతే ఊళ్లో సగం కాలర్లు
నలభై ఏళ్లు ఆవిడ ఇస్త్రీపెట్టె కిందే తలెత్తుకున్నాయి.

"ఈ బ్యాంకు పుస్తకం మీ పేరు మీద ఉంది."
ఉంది. కురమోచి మిజుఎ. నేనే.
గంజిపొడి డబ్బాలో అడుగున దొరికింది.
నా పేరుంది గనక నాదేననుకుని
అమ్మ ఆస్తి లెక్కలో చూపించలేదు.

"ఖాతా తెరిచింది?"
అమ్మ.
"చేతిరాత?"
అమ్మదే. ఏడు అంకెకి నడుం మీద గీత కొట్టే అలవాటు.
"ముద్ర?"
దుకాణం బిల్లుల మీద వేసేదే, అంచు విరిగింది.
"పుస్తకం ఎవరి దగ్గరుండేది?"
చెప్పానుగా, గంజి డబ్బాలో.

ఏటా డిసెంబరు ఇరవై ఎనిమిది, దుకాణం మూసే రోజు,
మూడు లక్షల యెన్.
నేను తలుపు విసిరికొట్టి వెళ్లిపోయిన ఏడు మొదలు
పద్నాలుగు సార్లు.
ఒక్క ఏడు మాత్రం ఆరు లక్షలు.
అది మా హయాతె పుట్టిన ఏడు.
నేను కబురు పెట్టలేదు.
ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

నొనోగాకి గారు నిదానంగా విడమరిచారు, మంచి మనిషే.
ఏడాదికి పదకొండు లక్షల దాకా
తల్లి బిడ్డకి ఇచ్చుకోవచ్చు, పన్ను లేదు.
మీ అమ్మగారు అందులో సగం దాటింది ఒక్కసారే.
కానీ ఇవ్వడమంటే ఇద్దరి పని.
ఇస్తినమ్మా అని ఒకరు, పుచ్చుకుంటినమ్మా అని ఒకరు,
రెండు గొంతులూ వినపడాలి.
రెండోది లేకపోతే ఇచ్చినట్టు కాదు, దాచుకున్నట్టు.
డబ్బు ఆవిడదే.
మీ దగ్గర పేరు మాత్రం అరువు తీసుకున్నారు.

పుణ్యం లెక్కలు రాసేవాడి దగ్గర
గుప్తదానానికి పెద్దపీటేమో.
ఈ లెక్కల్లో అది సున్న.

ఆఖరి ప్రశ్నకి కలం మూత తీశారు:
"ఆవిడ ఉండగా మీకు తెలుసా, ఈ డబ్బు సంగతి?"

తెలుసు అంటే సరిపోయేది.
వెంట వచ్చిన కుర్రాడు నా వైపు చూడకుండా
టీ కప్పులోకి చూశాడు, అనెయ్యమన్నట్టు.
తెలుసు అంటే
పద్నాలుగేళ్లు అమ్మ చెయ్యి చాపి నిలబడిందని తెలిసీ
ఒక్క ఫోను చెయ్యని కూతుర్ని.
తెలీదు అంటే
తెలుసుకోవాలని కూడా అనుకోని కూతుర్ని.
రెంటిలో దేనికి పన్ను తక్కువో
ఆయన పట్టికలో లేదు.

"తెలీదు" అన్నాను.
రాసుకున్నారు.
"మరి పుచ్చుకున్నది ఎప్పుడంటారు?"
అది ఫారంలో ఉన్న ప్రశ్న కాదనుకుంటా,
కలం కదల్లేదు.
గోడ మీద క్యాలెండరు చూశాను.
"ఇవాళ."
గొంతు పెగల్లేదు, రెండోసారి చెప్పాల్సొచ్చింది.

పన్ను, తక్కువ చూపినందుకు జరిమానా, ఆలస్యానికి వడ్డీ,
అన్నీ ఆ పుస్తకంలోంచే కట్టాను.

ఈ డిసెంబరు ఇరవై ఎనిమిదిన
హయాతెని బ్యాంకుకి తీసుకెళ్లాను.
పదకొండు లక్షల పదివేలు.
పరిమితికి పదివేలు ఎక్కువ రాశారేమో చూసుకోండి
అంది కౌంటర్లో అమ్మాయి.
చూసుకునే రాశాను.
ఆ పదివేల మీద వెయ్యి యెన్ పన్ను పడుతుంది.
పడనీ. మార్చిలో రసీదొస్తుంది,
ఇచ్చానని, పుచ్చుకున్నాడని
సర్కారు ఒకచోట రాసిపెట్టుకుంటుంది.

ముద్ర వాడి చేతే వేయించాను. వంకరగా పడింది.
"ఇది నీకిస్తున్నాను, విన్నావా?"
"ఊఁ" అన్నాడు, కళ్లు మూలనున్న కూల్‌డ్రింకుల మెషీను మీద.
"ఊఁ కాదు. నోరు తెరిచి చెప్పు."
వరసలో ముసలాళ్లందరూ తిరిగి చూసేటట్టు
అరిచాడు వెధవ.